మచ్చలేని వీధి

ధవళగంగ పవర్ కంపెనీవాళ్ళకి సిగ్గు లేదనడం అన్యాయం. ఉంది కాబట్టే పొగగొట్టానికి నిలువునా తెల్ల రంగు కొట్టించి, దాని మీద నాలుగంతస్తుల ఎత్తున పురివిప్పిన నెమలి బొమ్మ వేయించారు. ఆ నెమలి నెత్తి మీంచి రాత్రనక పగలనక పొగ వచ్చేది. ఆ పొగలోని గంధకాన్నీ పాదరసాన్నీ కడిగి వదిలే యంత్రం పెట్టి తీరాలని చట్టం వచ్చి చాలా ఏళ్ళయింది. చట్టానికి ఒక గడువు పెట్టారు. గడువు దాటితే ఆ గడువుకి ఇంకో గడువు పెట్టారు. తర్వాత ఒక నిపుణుల కమిటీ వచ్చి, కంపెనీ గెస్ట్‌హౌస్‌లో దిగి, పీతల ఇగురు తిని, ఇక్కడి గాలి బ్రహ్మాండంగా ఉందని రాసిచ్చి పోయింది. పాపం వాళ్ళు అబద్ధం రాయలేదు. గాలిని కొలిచే మీటరుని కంపెనీ ఆ గెస్ట్‌హౌస్ పచ్చిక మధ్యలో, ఫౌంటెన్ పక్కనే పెట్టింది మరి.

పొగ వెళ్ళి పడేది మాత్రం జీడివలస మీద. సముద్రం గాలి తిరిగినప్పుడల్లా ఆ ఊళ్ళో అన్నం మీద మూత తీయడానికి భయపడేవాళ్ళు. ఊరివాళ్ళు చందాలేసుకుని స్తంభాల మీద సొంత మీటర్లు పెట్టించుకున్నారు. వాటిని ఎప్పుడూ కంపెనీ బూడిద లారీలే గుద్దేవి. ఎద్దుల్ని, మనుషుల్ని, మైలురాళ్ళని తప్పించుకుని వచ్చి సరిగ్గా మీటరు స్తంభాన్నే గుద్దే డ్రైవర్లని కంపెనీ ఎక్కడ పట్టుకొచ్చిందో తెలీదు.

కాలుష్యం కేసుల కోసం కొత్తగా పెట్టిన కోర్టుని జనం గాలికోర్టు అనేవారు. జీడివలస కేసు అక్కడికి చేరింది. కంపెనీ తరఫున సీనియర్ లాయరు వినాయకరావు లేచాడు. వెండి జుట్టు, వెన్న రాసినట్టుండే గొంతు. ఊళ్ళో నలుపు ఉంటే ఉండొచ్చుగాక, అది మా పొగే అని ఎవరు చెప్పారు, అన్నాడు. కట్టెల పొయ్యిలున్నాయి, లారీలున్నాయి, జీడిపిక్కలు కాల్చే బట్టీలున్నాయి. ఆఖరికి పిటిషన్‌లో మొదటి సంతకం పెట్టిన లెంక గురువులు చుట్ట కాలుస్తాడని కూడా కోర్టువారికి విన్నవించాడు. అవతల రోజుకో రైలు బొగ్గు కాలుతుంటే ఈయన ఒక ముసలాడి చుట్టని పట్టుకుని వేలాడాడు.

ఆ మాట ఆ రోజు కోర్టులో వెనక బెంచీ మీద కూర్చున్న హైమావతి చెవిన పడింది. ఆమె విశాఖపట్నంలో యూనివర్సిటీలో రసాయన శాస్త్రం చెబుతుంది. ఊరి తరఫు లాయరు సలోమి ఆమె చిన్ననాటి స్నేహితురాలు. ఇంటికి పోయేదాకా హైమావతి ఆ చుట్ట మాటే తలుచుకుంది. ఏ పొగ ఎవరిదో చెప్పగలిగే వస్తువు కావాలి. దాన్ని ఏ లారీ గుద్దకూడదు.

ఆమె చివరికి తయారు చేసింది ముగ్గుపిండి.

ఏ ఇంటి చారు రుచి ఆ ఇంటిదే అయినట్టు, ఏ గనిలో తీసి ఏ బాయిలర్లో కాల్చిన బొగ్గుకి ఆ పాళ్ళు ఉంటాయి. ఇంత పాదరసం, ఇంత సెలీనియం, ఇంత గంధకం. హైమావతి రాతిపిండి రేణువుకి ఒక పూత పట్టించింది. ధవళగంగ పొగ పాళ్ళు తగిలితే తప్ప ఆ పూత రంగు మారదు. కట్టెల పొగ పట్టినా, డీజిలు పొగ పట్టినా, గురువులు చుట్ట పొగ పట్టినా మల్లెపువ్వులా తెల్లగానే ఉంటుంది. నెమలి నెత్తిమీది పొగ తగిలిందా, ముందు గులాబీ రంగు, తర్వాత ఇటుక రంగు, బాగా పడితే మాడిన రొట్టె నలుపు. తెల్లారగట్ల ఆడవాళ్ళు ఎలాగూ ముగ్గు పెడతారు. మిట్టమధ్యాహ్నం ఒక డ్రోన్ ఊరి మీదుగా పోతూ గుమ్మాలన్నిటినీ ఫొటో తీస్తుంది. మర్నాడు కళ్ళాపితో అది పోతుంది, కొత్తది వస్తుంది. కాపలా అక్కర్లేదు. స్తంభం అక్కర్లేదు.

ఆ ఫొటోల్ని చదివే ప్రోగ్రామ్ కూడా హైమావతే రాసింది. ప్రతి గుమ్మం ముందూ మచ్చ ఉందేమో చూడాలి. ఉంటే ఎంత నలుపో కొలిచి ఊరి పటం మీద ఆ రంగు వేయాలి. మచ్చ లేకపోతే శుభ్రం అని రాసుకోవాలి. ఆ ఆఖరి ముక్క ఆమె ఒక సాయంత్రం, పక్కన కాఫీ చల్లారిపోతుంటే, ఆట్టే ఆలోచించకుండా రాసేసింది.

పిండి పంచడానికి జీడివలస వెళ్ళిన రోజు గురువులు ఆమెని చూసి చుట్ట పక్కన పెట్టి నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చేది, దగ్గు తగ్గేదాకా ఎదుటివాళ్ళు ఆగాల్సిందే.

"ముగ్గుల డాక్టరమ్మా, మా ఆడది ఎట్టిన ముగ్గు మీద నాను కాలెడితేనే పూటంతా తిడతాది. ఇప్పుడు కంపెనీవోడు కాలెట్టినాడు గదా. ఆడి పని సూడు" అన్నాడు.

అతని భార్య పైడమ్మ ఆ మాటకి నవ్వలేదు. పిండి చేతిలోకి తీసుకుని వేళ్ళ మధ్య జార్చి, జారుడు బాగుంది అంది. వెంటనే వంగి గుమ్మం ముందు ఒక ముగ్గు వేసి చూపించింది. గీత ఎక్కడా తెగలేదు. గురువులు దానివైపు, ఆవిడవైపు మార్చి మార్చి చూశాడు. పెళ్ళయిన ఇన్నాళ్ళకి కూడా ఆ ముసలాడికి ఆవిడ ముగ్గంటే అంత మురిపెం.

కోర్టులో వినాయకరావు ముగ్గుపిండి మాట విని, ముసిముసిగా నవ్వి, వెంటనే ఒప్పుకున్నాడు. ఆడవాళ్ళ ముగ్గుల పోటీ తన కక్షిదారుని ఏం చేస్తుందన్న ధీమా ఆయనది. ఇద్దరూ రాసిచ్చారు. వేసవంతా ముగ్గులు చూస్తారు. ఊరి సగటు హద్దు దాటితే యంత్రం పెట్టేదాకా ప్లాంటు ఆపేయాలి. హద్దులోపలే ఉంటే ఆ యంత్రం బాధ్యత నుంచి కంపెనీకి శాశ్వతంగా విముక్తి, పైగా రెండో పొగగొట్టానికి అనుమతి. గురువులు వేలిముద్ర వేయనన్నాడు, తనకి సంతకం వచ్చునన్నాడు, వంకరటింకరగా పూర్తి పేరు రాశాడు.

ఇంట్లో ఈ వ్యవహారమంతా హైమావతి మామగారు సర్వేశ్వరరావుకి నచ్చలేదు. ఆయన కరెంటు డిపార్టుమెంటులో చీఫ్ ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. తన చేతుల మీదుగా వెలిగిన ఊళ్ళ పేర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. కిరసనాయిలు దీపం కింద చదువుకున్న బాధ ఆయనకి తెలుసు. పొగగొట్టాన్ని తిడితే ఆయనకి సొంత తమ్ముణ్ణి తిట్టినట్టు ఉండేది.

"ముందు నీ గదిలో ఏసీ ఆపమ్మా. ఆ తర్వాత పొగ ఆపుదువుగాని" అనేవాడు, పేపరు మీంచి కళ్ళెత్తకుండా.

ఆ మాటలో సూది ఉంది, అది గుచ్చుకునేది కూడా. హైమావతి వాదించేది కాదు. ఏసీ ఆపి, కిటికీ తెరిచి, చెమటలు కక్కుకుంటూ జీడివలస లెక్కలు చూసుకునేది. కాసేపటికి ఆయనే లేచి వచ్చి, ఏమీ అననట్టు ఏసీ వేసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళేవాడు. ఆవిడకి ఆయనంటే కోపం ఎంతో ప్రేమా అంతే.

వేసవి మొదట్లో ముగ్గులు భగ్గుమన్నాయి. ముఖ్యంగా లెంకల వీధి. ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒకే ఇంటిపేరు వాళ్ళవి, గురువులు పాలివాళ్ళవి. పొగకి సరిగ్గా ఎదురుగా ఉన్న వీధి అదే. మధ్యాహ్నానికల్లా ప్రతి గుమ్మం ముందూ మాడిన రొట్టె రంగు. సలోమి ఆనందం పట్టలేకపోయింది. తర్వాత ఏమైందో ఏమో, పటం తెల్లబడడం మొదలైంది. ముందు ఒక పది రోజులు లెంకల వీధి మొత్తం తెల్లగా వచ్చింది. మళ్ళీ నల్లబడింది. ఆ వెనక వరసగా తెలుపు. వేసవి ముదిరేకొద్దీ, ఎండ పెరిగి కరెంటు వాడకం పెరిగి పొగ ఇబ్బడిముబ్బడి అయ్యేకొద్దీ, ఊరు శుభ్రపడసాగింది. సగటు జారి జారి హద్దులోపలికి వచ్చింది.

ధవళగంగ కంపెనీ హైవే పక్కన పెద్ద బోర్డు పెట్టించింది. నెమలి బొమ్మ, కింద ఒక ముగ్గు, ఆ కింద 'స్వచ్ఛమైన వాకిళ్ళకి మా వెలుగు'. ఆ బోర్డు రాసినవాడికి రాత్రి నిద్ర ఎలా పట్టిందో వాడికే తెలియాలి. కోర్టులో వినాయకరావు హైమావతిని ఆకాశానికెత్తాడు. ఇంత నిష్పాక్షికమైన శాస్త్రాన్ని తన వృత్తి జీవితంలో చూడలేదన్నాడు. లెంకల వీధి గురించి ప్రత్యేకంగా చెబుతూ, అది మచ్చలేని వీధి అనీ, జిల్లాకే ఆదర్శమనీ లిఖితపూర్వకంగా దాఖలు చేశాడు. హైమావతి తల దించుకుని వింది. తను కన్నబిడ్డ శత్రువు చేయి పట్టుకుని నడుస్తున్నట్టు ఉందామెకి.

ఆమె పిండిని అనుమానించింది. ల్యాబులో గాజు పెట్టెలో ముగ్గు వేసి, ధవళగంగ బొగ్గు కాల్చి పొగ వదిలితే క్షణాల మీద నల్లబడింది. పూతలో లోపం లేదు. ఆడవాళ్ళు బజారు పిండి కలుపుతున్నారేమోనని అనుమానించి, ఆ అనుమానానికి సిగ్గుపడింది. క్లాసులయ్యాక బయల్దేరి జీడివలస చేరేసరికి సాయంత్రం అయ్యేది. అప్పటికి ఎవరి వాకిట్లోనైనా ముగ్గుని కోళ్ళూ కాళ్ళూ చెరిపేసి ఉంటాయి. గురువులు బస్టాపు దగ్గరి టీ బడ్డీకే ఎదురు వచ్చేవాడు. మాట మధ్యలో ఆగి ఊపిరి వెతుక్కునేవాడు. ఊరు ఎలా ఉందంటే దగ్గు, వీధి ఎలా ఉందంటే దగ్గు. పెద్దోల్లు పోతన్నారమ్మా అన్నాడొకసారి. వేసవిలో పెద్దవాళ్ళు పోవడం ఎక్కడైనా ఉండేదేనని ఆవిడ ఆ మాటని అక్కడే వదిలేసింది. తిరిగి వచ్చి మళ్ళీ పటం చూసుకుంది. డ్రోన్ తీసిన అసలు ఫొటోలు ఒక్కసారి తెరిచి చూస్తే సరిపోయేది. బాగా చదువుకున్నవాళ్ళు ఫొటోలు చూడరు, పటాలు చూస్తారు.

తుది వాదనకి ఇంకా వారం ఉందనగా, ఒక ఉదయం సర్వేశ్వరరావు కుర్చీలో పేపరు చదువుతూ చదువుతూ అలాగే ఒరిగిపోయాడు. గుండె అని డాక్టరు చెప్పాడు. హైమావతి భర్త ఊళ్ళో లేడు, బయల్దేరానని ఫోన్లో ఏడ్చాడు. అపార్టుమెంటులో వాళ్ళంతా వచ్చి పెద్దాయన్ని హాల్లో పడుకోబెట్టారు. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుంది. ఏసీ ఆపాలా వద్దా అన్న పిచ్చి ఆలోచన ఆవిడ బుర్రలో తిరుగుతూనే ఉంది.

అప్పుడు ఎదురింటి సుభద్రమ్మగారు వాకిట్లో వంగి కూర్చుని గోటితో ఏదో గీకడం కనిపించింది. గుమ్మం ముందు అతికించిన ముగ్గు స్టిక్కరు అది. ప్లాస్టిక్‌ది, ఎన్నో పండగలు చూసినది, ఒక పట్టాన ఊడి రావడంలేదు.

"మైలింట్లో ముగ్గు ఉండకూడదమ్మా" అంది సుభద్రమ్మగారు, హైమావతి చూపు గమనించి, తప్పు చేస్తున్నట్టు మెల్లిగా.

హైమావతి ఆ ఊడుతున్న స్టిక్కరునే చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి లేచి, గదిలోకి వెళ్ళి లాప్‌టాప్ తెచ్చుకుని, శవం పక్కనే చతికిలబడి తెరిచింది. చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మామగారు పోయిన గంటకే ఆఫీసు పని ఏమిటని ఎవరో గొణిగారు. ఆమె పటం తీయలేదు. ఫొటోలు తీసింది.

లెంకల వీధి తెల్లగా ఉన్న రోజు ఫొటో. ఆ వీధిలో ముగ్గులు తెల్లగా లేవు. ముగ్గులే లేవు. ఏ గుమ్మం ముందూ ఒక్క గీత లేదు, ఉత్త మట్టి. ఆ వీధిలో ఎవరింట్లో ఎవరు పోయినా పాలివాళ్ళందరికీ మైలే. పెద్దకర్మ దాకా ఏ గడప ముందూ ముగ్గు పడదు. ఆ మైల తీరేలోగా ఇంకో పెద్దావిడ, ఆ వెనక ఇంకొకాయన. మిగతా వీధుల్లోనూ అక్కడక్కడా ఇదే వరస. ముగ్గు లేదు కాబట్టి మచ్చ లేదు. మచ్చ లేదు కాబట్టి శుభ్రం. ఒక్కొక్క మనిషి పోయినప్పుడల్లా ఆమె ప్రోగ్రామ్ ఆ వీధి మొత్తానికి మంచి మార్కులు వేసింది. మనుషులు చస్తుంటే ఊరు తెల్లబడిందని రాసుకుంది. ముగ్గుల ఊళ్ళోనే పుట్టి, మైల అంటే ఏమిటో ఒళ్ళంతా తెలిసి, ఇంత చదువు చదివి, తను రాసింది ఈ రాత. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఎదురుగా పెద్దాయన పెదవుల మీద ఆ పాత వెటకారం ఇంకా మిగిలే ఉన్నట్టు అనిపించింది.

అక్కణ్ణుంచే గురువులుకి ఫోను చేసింది. పైడమ్మ ఎత్తింది.

"ఆయన లేడమ్మా. నిన్న ఎలిపోనాడు" అంది.

మామగారి దహనం అయిన మర్నాడే హైమావతి జీడివలస వెళ్ళింది. మైలలో ఊరు దాటకూడదని బంధువులన్నారు. తను వెళ్ళేది మైల ఇంటికే అని చెప్పి బస్సెక్కింది.

సలోమి అప్పటికే కబురు పంపింది. జరిగిన పొరపాటు ఒప్పుకుంటూ అఫిడవిట్ వేద్దాం, కానీ పొరపాటని నువ్వు చెబితే చాలదు, ఆ వీధిలో నిజంగా ఎంత పొగ పడుతోందో ఈ వారం ఫొటోల్లో కనపడాలి, అంది. ఒప్పందం ప్రకారం కోర్టు చూసేది ముగ్గుల్నే. లెంకల వీధిలో ఇప్పుడు మైల. మైల తీరేసరికి తుది వాదన అయిపోతుంది.

పైడమ్మ గడప లోపల కూర్చుని ఉంది. చుట్టూ వీధి ఆడవాళ్ళు. మూల మూకుట్లో దీపం, పక్కన గురువులు చుట్టల కట్ట. హైమావతి విషయమంతా చెప్పింది. తన తప్పు కూడా దాచకుండా చెప్పింది. ఆ తర్వాత అడగవలసింది అడగడానికి నోరు రాలేదు. పైడమ్మే అర్థం చేసుకుని, ఎట్టమంటావా, అంది.

ఆడవాళ్ళలో కలకలం రేగింది. గురువులు పెద్దమ్మ, చూపు ఆనని ముసలావిడ, గోడవారనుంచే గట్టిగా చెప్పింది. ఈ దినాల్లో పోయినవాడు ఇల్లు చూసుకోడానికి వస్తాడు. దీపం అందుకే, గిన్నెలో నీళ్ళు అందుకే. వాకిట్లో ముగ్గుంటే దాటలేడు, గుమ్మం ఎక్కలేడు. అలా చేసినవాళ్ళని ఎక్కడా వినలేదంది. హైమావతి ల్యాబులో నేర్చుకున్నదేదీ ఆ మాటకి జవాబు కాదు.

పైడమ్మ మూకుట్లో వత్తి ఎగదోసింది.

"నల్లగా అవుతాదా?" అంది చివరికి.

"అవుతుంది పైడమ్మా."

"ఆ కోర్టోల్లకి కనబడతాదా?"

"కనబడుతుంది."

"అయితే ఎడతాను" అంది పైడమ్మ. "ఇది నా గుమ్మం. ఆ పాపం నాది. మీరందరూ మీ మీ గుమ్మాల్లో ఎట్టండి."

మర్నాడు తెల్లారగట్ల పైడమ్మ కళ్ళాపి జల్లి ముగ్గు పెట్టింది. పెళ్ళిళ్ళకి పెట్టేంత పెద్ద ముగ్గు. ఆ వీధి ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడకుండా ఎవరి గుమ్మం ముందు వాళ్ళు వంగారు. మధ్యాహ్నానికి ఆ వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా నల్లగా మాడిపోయింది. మర్నాడూ అంతే. వాదన రోజుదాకా అంతే. డ్రోన్ వచ్చినప్పుడల్లా పైడమ్మ లోపలికి పోయి తలుపు వేసుకునేది.

తుది వాదన రోజు గాలికోర్టు నిండిపోయింది. జడ్జి నడివయసు ఆవిడ, మితంగా మాట్లాడే మనిషి. పొద్దుటి పూట సలోమి హైమావతి అఫిడవిట్ చదివింది. తెల్లగా కనపడ్డ ఇళ్ళు శుభ్రమైన ఇళ్ళు కావు, చావు జరిగిన ఇళ్ళు, వాళ్ళ పాలివాళ్ళ ఇళ్ళు, అని.

వినాయకరావు జాలిగా నవ్వుతూ లేచాడు. ఓడిపోతున్నామని తెలిశాక శాస్త్రం ఎలా మాట మారుస్తుందో చూడమన్నాడు. ముగ్గు వేయకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. కూలికి పొద్దున్నే పోయి ఉండొచ్చు. పిండి అయిపోయి ఉండొచ్చు. ఈ కాలం ఆడవాళ్ళు ఫోను పట్టుకుంటే ముగ్గు గుర్తుంటుందా అని కూడా అన్నాడు, ఆడ జడ్జి ముందు. గుమ్మం ఖాళీగా ఉంటే ఇంట్లో చావు జరిగినట్టేనా, ఇదెక్కడి లెక్క, అని కూర్చున్నాడు. వెనక బెంచీల్లో కంపెనీ మనుషులు గంగిరెద్దుల్లా తలలూపారు.

భోజన విరామం తర్వాత సలోమి ఆ వారం ఫొటోలు తెర మీద వేయించింది. లెంకల వీధి. నల్లగా, వరసగా, ఒక్క ఇల్లు తప్పకుండా.

వినాయకరావు ఈసారి కుర్చీలోంచి విసురుగా లేచాడు. వెన్న గొంతులో మొదటిసారి గరుకు వినిపించింది.

"ఇవి చెల్లవు. ఒప్పందం ప్రకారం ముగ్గులు ఊరివాళ్ళ అలవాటు ప్రకారం పడాలి. ఆ వీధిలో మొదటి పిటిషనరు గురువులు ఈ నెలలోనే చనిపోయాడు. వీధంతా మైల. తెలుగు పుట్టుక పుట్టిన ఏ ఆడదీ మైలలో గడప ముందు ముగ్గు పెట్టదు. చిన్నపిల్లలకి కూడా తెలుసు. చావు ఉంటే ముగ్గు ఉండదు. కాబట్టి ఇవి ఎవరో కావాలని వేయించిన దొంగ ముగ్గులు."

జడ్జి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"చిన్నపిల్లలకి కూడా తెలుసు అన్నారు. మీకు తెలుసా?"

"తెలుసు, మై లేడీ."

"పొద్దున కూడా తెలుసా?"

వినాయకరావు చేతిలోని కాయితాలు తిరగేశాడు. జడ్జి ఆయన జవాబు కోసం ఆగలేదు. ఆయనే స్వహస్తాలతో దాఖలు చేసిన 'మచ్చలేని వీధి' కాయితం తీయించి, ఆ వీధి ఖాళీగా ఉన్న ఫొటోలన్నీ ఒక్కొక్కటే తెర మీద వేయమంది. ఉత్త మట్టి గుమ్మాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పోయాయి. చాలాసేపు పట్టింది.

మైల వాదన సీనియర్ న్యాయవాదే చేశారు కాబట్టి దాన్ని కోర్టు ఆమోదిస్తోందనీ, ఖాళీ గుమ్మాలని శుభ్రమైనవిగా లెక్కించడం కుదరదనీ, అవి చావు ఇళ్ళనే కంపెనీ ఒప్పుకున్నట్టేననీ ఆవిడ తీర్పు రాసింది. మైలలో వేసిన ముగ్గులు కావాలని వేసినవైనా, వాటిని నల్లబరిచింది పొగేనంది. యంత్రం పెట్టేదాకా ప్లాంటు ఆపాలి. రెండో గొట్టం మాటే ఎత్తకూడదు.

ధవళగంగ కంపెనీ పై కోర్టుకి పోతామని ప్రకటించింది. మర్నాటి పేపర్లలో పర్యావరణం మీద ప్రేమతో తామే స్వచ్ఛందంగా ప్లాంటు ఆపామని రంగుల్లో ప్రకటన కూడా ఇచ్చింది. పక్కన నెమలి. పెద్దాయన ఉండి ఉంటే ఆ ప్రకటన చదివి ఏమనేవాడోనని హైమావతికి అనిపించింది. ఇంత సిగ్గుమాలినవాళ్ళ చేతిలోనా నేను కరెంటు పెట్టిపోయింది అనేవాడేమో. ఏసీ మాత్రం ఆ వేసవిలో ఆమె మళ్ళీ వేయలేదు.

గురువులు పెద్దకర్మ, తన మామగారి పెద్దకర్మ కూడా అయ్యాక ఆమె జీడివలస వెళ్ళింది, ఈసారి పొద్దున్నే. నెమలి నెత్తిన పొగ లేదు. ఊళ్ళో అన్ని వాకిళ్ళలోనూ ముగ్గులు తెల్లగా, నిజంగానే తెల్లగా ఉన్నాయి. మైల తీరిపోయింది కాబట్టి లెంకల వీధిలో కూడా. ఒక్క పైడమ్మ గుమ్మం ముందు మాత్రం ఏమీ లేదు. గడప మీద దీపం మూకుడు, పక్కన గిన్నెలో నీళ్ళు అలాగే ఉన్నాయి.

గెలిచాం పైడమ్మా, అని చెప్పాలని హైమావతి దారంతా అనుకుంటూ వచ్చింది. ఆ గుమ్మం చూశాక చెప్పలేకపోయింది. వచ్చి పక్కన కూర్చుంది.

"అన్ని దినాలూ గుమ్మం బయటే ఉండిపోయుంటాడమ్మా" అంది పైడమ్మ, వీధిలోకి చూస్తూ. "పొగ పొగ అని దగ్గి దగ్గి పోనాడా. సచ్చినాక కూడా ఆ పొగలోనే నిలబెట్టేసినాను."

హైమావతికి ఏడుపు ఆగలేదు. పైడమ్మ ఏడవలేదు. చెంగుతో గడప తుడిచింది.

"పెద్దకర్మ అయిపోనాది, ఇంక రాడంతన్నారు. ఏమో. ఇంకొన్ని దినాలు నాను ముగ్గెట్టనమ్మా. దారి తప్పి వచ్చినాడనుకో, లోపలికి రావాల గదా."

ఆ మధ్యాహ్నం డ్రోన్ ఎప్పటిలాగే ఊరి మీదుగా వెళ్ళింది. పైడమ్మ ఈసారి లోపలికి పోలేదు, తలుపు వేసుకోలేదు. వారం కిందట హైమావతి ప్రోగ్రామ్‌లో ఆ ఆఖరి ముక్క కొట్టేసి కొత్తది రాసింది. అది ఉత్త మట్టి వాకిలిని చూసి, శుభ్రం అని రాసుకోకుండా, ఈ ఇంట్లో మనిషి పోయాడు అని రాసుకుంది.